రెండో దరఖాస్తు

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982లో ఇదే తేదీన డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షను ఎవరో దయతలచి ఇచ్చేది కాదని, చేసిన సేవకు దక్కే హక్కు అని చెప్పిన తీర్పు అది. అందుకే ఏటా ఈ రోజున మనం కలుసుకుంటున్నాం. కార్యదర్శిగారు నన్ను పిలిచి పది నిమిషాలు మాట్లాడమన్నారు. డి.ఎ. బకాయిల గురించి మాట్లాడేవారు నలుగురున్నారు, లైఫ్ సర్టిఫికెట్ల గురించి ఇద్దరున్నారు. నేను మనవల చదువు గురించి మాట్లాడతానన్నాను. "అది మన సంఘం పరిధిలోకి వస్తుందా?" అని ఆయన సందేహించారు. వస్తుందని నేను నోట్ పుటప్ చేశాను, ఆయన ఆమోదించారు. ఇక మీ ఓపిక.

ఇంటర్మీడియట్ పాసైన పిల్లలకు ఈమధ్య ఒక కొత్త మాట వినబడుతోంది. అయిదేళ్ళ ఇంటిగ్రేటెడ్ కోర్సు. ఒకే దరఖాస్తు, ఒకే ప్రవేశం. అయిదేళ్ళు చదివితే బ్యాచిలర్ డిగ్రీ, మాస్టర్ డిగ్రీ రెండూ చేతికి వస్తాయి. మాట కొత్తదే గాని పద్ధతి మరీ కొత్తది కాదు. మద్రాసు రాష్ట్రం రోజుల్లో మన పెద్దలు ఇంటర్మీడియట్ తరువాత మూడేళ్ళ ఆనర్సు చదివేవారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఆనర్సు పాసైనవారికి కొంతకాలం పోయాక మరో పరీక్ష లేకుండానే ఎం.ఎ. పట్టా దక్కేది. ఇంటిముందు బోర్డు మీద ఎం.ఎ. అని రాసుకున్న పాతకాలపు ప్లీడర్లలో కొందరిది ఆ పట్టాయే.

లెక్క ప్రకారం చూస్తే మూడేళ్ళ బి.ఎస్సీ., రెండేళ్ళ ఎం.ఎస్సీ. కలిపినా అయిదేళ్ళే. ఇందులో కలిసొచ్చిందేమిటి అని మీరడగవచ్చు. మా అబ్బాయి నన్ను అదే అడిగాడు. దానికి జవాబు చెప్పాలంటే నా కథ కొంచెం చెప్పాలి.

మాది కొవ్వూరు వైపు పల్లెటూరు. 1968లో పి.యు.సి. పాసై, రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో బి.ఎస్సీ. లెక్కలు చదివాను. అప్పటికి రోడ్డు వంతెన లేదు, అది 1974లో వచ్చింది. రోజూ రైల్లో పాత హేవ్‌లాక్ వంతెన మీదుగా వచ్చి వెళ్ళేవాణ్ణి. 1971లో మొదటి తరగతిలో పాసయ్యాను. మా లెక్కల మేష్టారు వాల్తేరు వెళ్ళి ఎం.ఎస్సీ. చదవమన్నారు. మనియార్డరు కట్టి దరఖాస్తు ఫారం తెప్పించుకున్నాను. కుదురుగా కూర్చుని నింపాను. నా దస్తూరీ బాగుంటుందని మీలో చాలామందికి తెలుసు, ఆ రోజు మరీ బాగా వచ్చింది. సంతకం ఒక్కటి మిగిలింది.

మా నాన్నగారు కౌలు రైతు. ఆయన కాదనలేదు. "ఇంకా రెండేళ్ళంట్రా?" అన్నారు, అంతే. ఆ వెనుక ఇద్దరు చెల్లెళ్ళున్నారు. నేను సంతకం పెట్టలేదు. ఫారం ట్రంకు పెట్టెలో చొక్కాల కింద పెట్టేశాను. సర్వీసు కమిషను పరీక్ష రాసి 1973లో ఎల్.డి.సి.గా చేరాను. ఆ తరువాత ముప్పై ఆరేళ్ళు ఇతరుల దరఖాస్తులు చూశాను. 2009లో రిటైరయ్యాను. చేసిన ఉద్యోగం మీద నాకు ఫిర్యాదు లేదు, దానితోనే ఇల్లు నిలబడింది. చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేశాను, పిల్లల్ని చదివించాను.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. బి.ఎస్సీ.లో చేరేటప్పుడు మా ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. కుర్రాడు చదువుతున్నాడంటే చదవనిచ్చారు. డిగ్రీ చేతికి వచ్చాకే ప్రశ్న పుట్టింది. ఇంకా చదవాలా అని. మన ఇళ్ళల్లో మొదటి దరఖాస్తు ఎలాగో వెళ్ళిపోతుంది. రెండోది ఆగిపోతుంది. లంక ఊళ్ళ వారికి నేను చెప్పనక్కరలేదు. వెనకటికి ఏరు దాటాలంటే ఒక పాయ పడవలో దాటి, ఇసుకలో అరమైలు నడిచి, మళ్ళీ రెండో పాయ దగ్గర ఇంకో పడవ కోసం కూర్చోవలసి వచ్చేది. పొద్దు వాలితే రెండో పడవ ఉండేది కాదు. మధ్యలో లంకలోనే ఉండిపోవలసి వచ్చేది.

అయిదేళ్ళ కోర్సులో పడవ మారే పని లేదు. నాకు తెలిసినంతలో దాని అసలు ఉపయోగం ఇదే.

నా ఒక్కడి కథే అయితే మీ సమయం తీసుకునేవాణ్ణి కాదు. మా అమ్మాయి 1996లో బి.ఎస్సీ. పాసైంది. తను కూడా వాల్తేరులో ఎం.ఎస్సీ. చదువుతానంది. ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెడతాను నాన్నా అని అడిగింది. అప్పుడే భీమవరం సంబంధం వచ్చింది. నేనేమన్నానో నాకు సరిగా గుర్తు లేదు. ఒద్దని మాత్రం అనలేదని గుర్తు. ఇన్నేళ్ళూ అదే ధీమాతో ఉన్నాను.

2024 సంక్రాంతికి అందరూ మా ఇంటికి వచ్చారు. మా అబ్బాయి కూతురు అప్పుడు ఇంటర్మీడియట్ ఎం.పి.సి. రెండో సంవత్సరం. భోజనాల దగ్గర తను ఒక మాట చెప్పింది. "ఈ.ఎ.పి.సెట్ ఎలాగూ రాస్తాను తాతయ్యా. దాంతోపాటు ఐసర్ పరీక్ష కూడా రాస్తాను. అది వస్తే అదే చదువుతాను" అంది. మా అబ్బాయి వెంటనే, ఇంజనీరింగ్ అయితే నాలుగేళ్ళకు ఉద్యోగం, అదేదో అయిదేళ్ళు చదివి ఏం చేస్తావు అన్నాడు. మా కోడలు నా వైపు చూసింది. నేను పెద్దమనిషి తరహాగా, "చూద్దాంలే, ఇంకా టైముంది" అన్నాను.

మా అమ్మాయి వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టి ఇలా అంది. "నాన్నా, అప్పుడు నువ్వు నాతోనూ ఇదే మాట అన్నావు. ఒద్దంటే ఏడ్చో, పోట్లాడో వెళ్ళేదాన్ని. నువ్వు చూద్దాం అన్నావు. ఆ చూద్దాంలోనే గడువు దాటిపోయింది."

అందరూ భోంచేస్తూనే ఉన్నారు, నాకు మాత్రం ముద్ద దిగలేదు. నేను క్లర్కు పని చేసినవాణ్ణి. కాగితం మీద "తిరస్కరించడమైనది" అని రాస్తే దానిమీద అప్పీలుంటుంది. పెండింగులో పెట్టిన కాగితానికి అప్పీలు కూడా ఉండదు. ఈ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? తెలిసి ఉండి నా కూతురి కాగితాన్నే పెండింగులో పెట్టాను. ఈ మాట వేదిక మీద చెప్పడానికి తన అనుమతి తీసుకున్నాను. "చెప్పు, నలుగురికి పనికొస్తుంది" అంది.

ఆ సాయంత్రమే మనవరాలిని కూర్చోబెట్టుకుని వివరాలన్నీ రాసుకున్నాను. తరువాత నేను తెలుసుకున్నవి మీకు క్రమంగా చెబుతాను.

ఐసర్ అంటే భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ. కేంద్ర ప్రభుత్వానిది. దేశంలో ఇవి ఏడున్నాయి. పుణె, కోల్‌కతాలలో 2006లో, మొహాలీలో 2007లో, భోపాల్, తిరువనంతపురంలలో 2008లో పెట్టారు. మన తిరుపతిది 2015లో వచ్చింది, ఏర్పేడు దగ్గర ఉంది. ఒడిశాలోని బరంపురానిది 2016లో వచ్చింది. అక్కడ బి.ఎస్., ఎం.ఎస్. కలిపి అయిదేళ్ళు. మొదటి రెండేళ్ళు ప్రధానంగా విజ్ఞానశాస్త్రాలన్నీ అందరితో చదివిస్తారు, తరువాత పిల్లలు తమకు నచ్చిన శాస్త్రంలోకి వెళతారు. ఆఖరి సంవత్సరం ఒక ఆచార్యుడి దగ్గర పరిశోధన చేసి గ్రంథం సమర్పించాలి.

ఏడింటికీ ఒకే దరఖాస్తు, ఒకే పరీక్ష. దాని పేరు ఐ.ఎ.టి. మూడు గంటలు, కంప్యూటరు మీద రాయాలి. అరవై ప్రశ్నలు. ఒక్కో సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. ఇంటర్మీడియట్‌లో 60 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు 55 శాతం చాలు. పరీక్ష రాసే ఏడుగాని, దాని ముందు ఏడుగాని పాసై ఉండాలి. దరఖాస్తులు సాధారణంగా మార్చి, ఏప్రిల్ ప్రాంతాల్లో, పరీక్ష మే ఆఖరున గాని జూన్‌లో గాని ఉంటుంది. ఇంటర్ పరీక్షల హడావిడిలో దరఖాస్తు గడువు మరిచిపోయే ప్రమాదముంది. క్యాలెండరు మీద ఎర్ర సిరాతో గీసుకోండి.

మన పిల్లలకు ఇందులో ఒక చిక్కుంది. ఆ అరవై ప్రశ్నలలో జీవశాస్త్రం 15, రసాయనం 15, లెక్కలు 15, భౌతికం 15. మన దగ్గర ఎం.పి.సి. చదివినవారు పదో తరగతితో జీవశాస్త్రం వదిలేస్తారు. బై.పి.సి. వారు లెక్కలు వదిలేస్తారు. పదిహేను ప్రశ్నలంటే 60 మార్కులు, మొత్తంలో నాలుగో వంతు. మా మనవరాలు ఎదురింటి బై.పి.సి. కుర్రాడి పాత పుస్తకాలు తెచ్చుకుని, వేసవి అంతా పొద్దున్నే గంటన్నర చదివింది. వాడికి బదులుగా భౌతికంలో లెక్కలు చెప్పేది. నాకు వచ్చిన లెక్కలు ఆ పిల్లకు అక్కర్లేదు, రాని జీవశాస్త్రం నేను చెప్పలేను. మా ఆవిడ పొద్దున్నే కాఫీ ఇచ్చేది, నేను అలారం పెట్టేవాణ్ణి.

ఇక దరఖాస్తు నింపడం. ఇది మన వృత్తి కదా అని నేనే కూర్చున్నాను. అక్కడే బోల్తా పడ్డాను.

మేము బి.సి. కుటుంబం. కుల ధ్రువపత్రం కావాలన్నారు. మన రాష్ట్రంలో కులం, నివాసం, పుట్టిన తేదీ మూడూ కలిపి ఇచ్చే పత్రాన్ని ఇంటిగ్రేటెడ్ సర్టిఫికెట్టు అంటారు. ఇంటిగ్రేటెడ్ కోర్సుకు ఇంటిగ్రేటెడ్ సర్టిఫికెట్టు, సరిగ్గా సరిపోయింది అనుకున్నాను! దర్జాగా దాన్నే సిద్ధం చేసి ఫైల్లో పెట్టాను. ముప్పై ఆరేళ్ళ అనుభవం కదా, నిబంధనల పుస్తకం ఆఖరి పేజీలు చదవలేదు. మా మనవరాలు చదివింది. కేంద్ర సంస్థలకు పనికివచ్చేది కేంద్ర నమూనాలో ఉండే ఓ.బి.సి. పత్రం. క్రీమీలేయరు కాదని అందులో రాసి ఉండాలి. అది కూడా ఈమధ్యనే తీసుకున్నది అయి ఉండాలి. "తాతయ్యా, ఇది చెల్లదు" అని పేజీ చూపించింది.

అప్పటికి మే నెల. వడగాడ్పులు. కొత్త పత్రానికి అర్జీ పెట్టి, గొడుగు వేసుకుని తహశీల్దారు కార్యాలయానికి మూడుసార్లు తిరిగాను. అక్కడున్న కుర్ర ఉద్యోగి చాలా మర్యాదగా, "తాతగారూ, మీరు మా డిపార్టుమెంటు మనిషేనంటున్నారు, ముందే రావలసింది కదండీ" అన్నాడు. ఆ మాట నేను నా సర్వీసులో ఎందరితో అన్నానో! గడువుకు నాలుగు రోజుల ముందు పత్రం వచ్చింది. ఆ నాలుగు రోజులూ లేకపోతే ఆ పిల్ల పడిన కష్టమంతా నా ధీమాకు బలి అయ్యేది. మా నాన్నగారు చేసిందీ, నేను మా అమ్మాయికి చేసిందీ మూడోసారి కూడా జరిగి ఉండేది.

అందుచేత ఈ సభలో ఉన్న తాతలకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు నా మనవి. మనకు చేతనైన పని కాగితాల పని. దాన్ని ముందే మొదలుపెట్టండి. నేను నేర్చుకున్నవి కొన్ని చెబుతాను, అవసరమైనవారు రాసుకోండి.

ఒకటి. ఓ.బి.సి. వారికి కేంద్ర నమూనా పత్రం వేరు. రాష్ట్ర బి.సి. జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండకపోవచ్చు, ముందు అది చూసుకోండి. అగ్రవర్ణ పేదల కోటా వారికి ఆదాయం, ఆస్తి పత్రం ఆ ఆర్థిక సంవత్సరానిదే కావాలి. కిందటేడాదిది బీరువాలో భద్రంగా ఉన్నా పనికిరాదు.

రెండు. పేరు. పదో తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. పుట్టిన తేదీ ఒక్క అంకె తేడా ఉంటుంది. సర్వీసు రిజిస్టరులో ఒక్క అక్షరం తేడాకు పెన్షను ఎన్ని నెలలు ఆగిందో అనుభవించినవారు ఇక్కడే ఉన్నారు. ఇంటరు మొదటి ఏడాదిలోనే వీటిని సరిచేయించండి.

మూడు. ఫోను నెంబరు. చాలామంది ఇంటర్నెట్టు సెంటరులో దరఖాస్తు పెట్టించి, అక్కడి కుర్రాడి నెంబరు, అతని ఈమెయిలు ఇచ్చేస్తున్నారు. సీటు వచ్చిన సమాచారం అతనికి వెళుతుంది. సీటు ఒప్పుకుని డబ్బు కట్టడానికి ఇచ్చే గడువు రోజుల్లోనే ఉంటుంది. మీ ఇంట్లో ఎప్పుడూ పనిచేసే నెంబరు ఇవ్వండి. దరఖాస్తు నెంబరు, పాస్‌వర్డు ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. సీటు ఇప్పిస్తామని ఫోను చేసేవారికి ఒక్క రూపాయి ఇవ్వకండి. సీటు మార్కుల మీదే వస్తుంది.

నాలుగు. ఇంటిగ్రేటెడ్ అనే మాటకు అన్నిచోట్లా ఒకే అర్థం లేదు. ఇంటరుతోపాటు పోటీ పరీక్షల కోచింగు ఇచ్చే కాలేజీలు కూడా ఆ మాటే వాడతాయి. నూజివీడు ట్రిపుల్ ఐ.టి. 2008లో మొదలైంది, అక్కడ పదో తరగతి తరువాత ఆరేళ్ళు. అది ఇంటరుతో సమానమైన రెండేళ్ళు, నాలుగేళ్ళ బి.టెక్. కలిపింది. మంచి చదువే, కాని అందులో మాస్టర్ డిగ్రీ లేదు. అయిదేళ్ళ లా కోర్సులో రెండు పట్టాలూ బ్యాచిలర్ పట్టాలే. కాబట్టి అడగవలసిన ప్రశ్న ఒక్కటే. చివరకు చేతికి వచ్చే పట్టాల పేర్లేమిటి?

అయిదు. ఐసర్ ఒక్కటే కాదు. భువనేశ్వర్‌లోని నైసర్, ముంబైలోని అణుశక్తి శాఖ వారి కేంద్రం అయిదేళ్ళ ఎం.ఎస్సీ. చదువు చెబుతాయి. ఆ రెంటికీ కలిపి నెస్ట్ అనే పరీక్ష ఉంది. 1974లో ఏర్పడిన హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సైన్సుతోపాటు ఆర్థికశాస్త్రం, చరిత్ర, చివరకు తెలుగులో కూడా అయిదేళ్ళ ఎం.ఎ. ఉంది. అక్కడికి 2022లో మొదలైన సి.యు.ఇ.టి. పరీక్ష రాయాలి. సైన్సు చదవని పిల్లలకు దారి లేదనుకోకండి. కంప్యూటర్లలో పరిశోధన చేయదలచినవారికి 1998లో ఏర్పడిన హైదరాబాదు ట్రిపుల్ ఐ.టి.లో బి.టెక్., ఎం.ఎస్. కలిపి అయిదేళ్ళ కోర్సుంది. దేని దరఖాస్తు దానిదే, దేని గడువు దానిదే. అందుకే నోటుపుస్తకం.

ఆరు. డబ్బు. ఫీజు, హాస్టలు, మెస్సు కలిపి ఎంతవుతుందో ఆ ఏటి ప్రకటనలో చదివి అయిదేళ్ళకు లెక్కకట్టండి. కేంద్ర ప్రభుత్వం వారి ఇన్‌స్పైర్ పథకం 2008లో మొదలైంది. విజ్ఞానశాస్త్రాలు చదివేవారిలో ఎంపికైనవారికి ఏడాదికి 80 వేల రూపాయలు. అందులో 60 వేలు విద్యార్థికి, 20 వేలు వేసవిలో చేసే పరిశోధనకు. అందరికీ రాదు, షరతులున్నాయి. వస్తుందనుకుని అప్పు చేయకండి, రాదనుకుని దరఖాస్తు మానకండి.

ఇక మీకు వచ్చే సందేహాలు. మొన్న మన గ్రంథాలయంలో ఈ ప్రస్తావన వస్తే ఒక మిత్రుడు సూటిగానే అడిగాడు. పదిహేడేళ్ళ పిల్లని అయిదేళ్ళకు కట్టేస్తే, మధ్యలో మనసు మారితే ఏం చేస్తుంది? న్యాయమైన ప్రశ్న. డిగ్రీ తరువాత ఆగడం కొందరికి మేలే. అక్కడ ఆగి వేరే దారిలో వెళ్ళి పైకొచ్చినవారున్నారు. అందుకే చేరేముందే నిబంధనల్లో వెతకండి. మధ్యలో మానేస్తే ఏ పట్టా ఇస్తారు, ఎన్నేళ్ళకు ఇస్తారు, అసలు ఇస్తారా? ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. కాగితం మీద చూడకుండా ఎవరో చెప్పారని నమ్మకండి.

రెండోది ఉద్యోగం. ఇక్కడ నేను దాచను. ఇంజనీరింగులోలాగా నాలుగో ఏటికి కంపెనీవారు వచ్చి ఎత్తుకుపోతారనే భరోసా దీనిలో లేదు. ఈ చదువు పరిశోధన వైపు నడిపిస్తుంది. చాలామంది తరువాత పిహెచ్.డి.కి వెళతారు, అంటే మరో అయిదారేళ్ళు. ఇంట్లో వెంటనే జీతం అవసరమైతే ఇది సరైన దారి కాకపోవచ్చు. 1971లో మా ఇంట్లో అవసరమైంది, నేను వెళ్ళలేదు, అది తప్పు కాదు. కాని 1996లో మా ఇంట్లో ఆ అవసరం లేదు. నాకు జీతం వస్తోంది, సొంత ఇల్లుంది. అప్పుడు ఆగింది డబ్బుకు కాదు. ఆడపిల్లకు ఇంకా ఎందుకులే అన్న ఆలోచనకు. రెంటికీ తేడా తెలుసుకోవడానికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది.

ఆడపిల్లల విషయంలో ఈ కోర్సుకు నేను ఎక్కువ విలువ ఇవ్వడానికి కారణమదే. డిగ్రీ పూర్తయిన వేసవి ఉంది చూశారూ, ఆ వేసవిలోనే సంబంధాలు వస్తాయి. బంధువులు వస్తారు, సలహాలు వస్తాయి. చదువు మధ్యలో ఉన్న పిల్లను "కోర్సు పూర్తి కానివ్వండి" అని మనం కాపాడుకోవచ్చు. పూర్తయిన పిల్లను కాపాడడానికి మన దగ్గర మాట ఉండదు.

మా మనవరాలి సంగతి చెప్పి ముగిస్తాను. 2024 జూన్‌లో పరీక్ష రాసింది. మొదటి విడతలో సీటు రాలేదు. రెండో విడతలోనూ రాలేదు. ఈలోగా ఇంజనీరింగు కౌన్సెలింగులో ఇక్కడికి దగ్గర్లోనే సీటు వచ్చింది. మా అబ్బాయి ఏమీ అనలేదు గాని, ఆ ఫీజు కాగితం బల్లమీద పెట్టి ఉంచాడు. మూడో విడతలో బరంపురం ఐసర్ వచ్చింది. ఒప్పుకోవడానికి ఉన్న గడువు చూసి, ఆ రాత్రే కట్టేద్దాం నాన్నా అని మా అబ్బాయే అన్నాడు. వాడు చూద్దాం అనలేదు. నాకు అదొక పెద్ద తృప్తి.

చేర్చడానికి నేనూ వెళ్ళాను. రాజమండ్రిలో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి బరంపురం. 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న ఊరే అది, బజారులో తెలుగు వినబడింది. హాస్టలు గదిలో సామాను సర్ది, బయటికి వచ్చాక మా అమ్మాయికి ఫోను చేశాను. "చేర్చావా?" అంది. చేర్చానన్నాను. "సంతకం ఎవరు పెట్టారు?" అంది. విద్యార్థి సంతకం విద్యార్థే పెట్టింది, సంరక్షకుల దగ్గర వాళ్ళ నాన్న పెట్టాడు అన్నాను. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "వచ్చే ఏడాది నేనూ ఒకసారి వెళ్ళి చూసొస్తాను" అంది. వెళ్ళింది కూడా. మేనత్త, మేనకోడలు ప్రయోగశాల ముందు దిగిన ఫోటో మా హాల్లో ఉంది. పిల్ల ఇప్పుడు రెండో సంవత్సరం. ఆ ఎదురింటి పుస్తకాల పుణ్యమో ఏమో, లెక్కలు మాని జీవశాస్త్రం వైపు మొగ్గుతోందట. నాకు కొంచెం బాధ కలిగిందిగాని పైకి చెప్పలేదు.

మిత్రులారా, మనం ఒకప్పుడు ఎందరి కాగితాలో ముందుకు నడిపాం, ఎన్నో ఆపాం. ఆపినవాటికి ఇప్పుడు చేయగలిగింది లేదు. అయితే మనకు ఇప్పుడు తీరిక ఉంది, నిబంధనలు చదివే ఓపిక ఉంది, క్యూలో నిలబడే అలవాటుంది. పిల్లలకు అవే లేవు. జనవరి నుంచి ప్రతి ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు మన సంఘం గదిలో నేను కూర్చుంటాను. మన సభ్యుల మనవలే కానక్కరలేదు, మీ పనిమనిషి కూతురైనా, మీ వీధి చివర ఇస్త్రీ అబ్బాయి కొడుకైనా సరే. మార్కుల జాబితా, ఆధార్, కుల ధ్రువపత్రం పట్టుకుని పంపండి. నిబంధనల పుస్తకం మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదువుతానని ఈ సభాముఖంగా హామీ ఇస్తున్నాను. నాతో కూర్చోవడానికి ఇంకో ఇద్దరు ముందుకు వస్తే సంతోషిస్తాను. కంప్యూటరు తెలిసినవారైతే మరీ మంచిది. నాకు వచ్చింది దస్తూరీ ఒక్కటే, దానితో ఇప్పుడు ఎవరికీ పని లేదు.

పది నిమిషాలు అడిగి ఎక్కువే తీసుకున్నాను. అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు.